పటాన్‌చెరు: భూగర్భజల కాలుష్యము

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాయందు పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము పరిసరములలో 1970ల దశాబ్దము మొదలుకొని వెలసిన రసాయన, ఔషధ కర్మాగారముల వ్యర్థజలము ఇసుకవాగు, నక్కవాగుల వెంట ప్రవహించి గోదావరికి ఉపనదియగు మంజీరను చేరుటయే గాక, త్రోవలో నేల కింకి గ్రామముల బావులను, బోరులను చెఱచినది.

ఈ చెఱుపు ఇంతకాలము నిలుచుటకు అచటి శిలాస్వభావము ముఖ్యకారణము. పైన శిథిలమైన గ్రానైటు పొరయు, దాని క్రింద పగుళ్లువాఱిన గట్టిరాయియు నుండుటచే, నీరు అన్నివైపులకు సమముగా వ్యాపింపక పగుళ్ల దారిని పోవును. కావున ఒక బోరు నీరు నోట బెట్టరానిదై యుండగా దాని పొరుగు బోరు తేటగా నుండుట కలదు. అట్లు తేటగానున్న బోరునుండి మిక్కుటముగా నీరు తోడినచో చెడునీరు అటువైపునకే ఆకర్షింపబడును. వ్యర్థమును వదలుట నిలిపిన పిదపను, రాతిసందులలో నిలిచిన లవణములు, లోహములు చిరకాలము నీటిలో కలియుచునే యుండును.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అను సంస్థ ఈ కాలుష్యము విషయమై సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించినది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము నెలకొన్నది. అయినను 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఆ కేంద్రమున శుద్ధియై వెలువడు నీట సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు కానవచ్చినది; చికిత్స పొందు రోగి రక్తములోనైన అంత మోతాదు ఉండదు. 2009లో వెలువడిన మఱియొక పరిశోధన సమీపగ్రామముల బావినీటను ఔషధశేషములను గుర్తించినది. శుద్ధియను పేరు పెట్టినంతమాత్రమున ఆ నీరు శుద్ధము కాలేదని చెప్పక తప్పదు.

నీటిని కాచి చల్లార్చి త్రాగుట మన యిండ్ల మంచి ఆచారమే. అది క్రిములను చంపును. కాని ఆర్సెనిక్కును, నైట్రేటును, లవణములను తొలగింపదు సరికదా, నీరు ఆవిరియైనకొలది వాని సాంద్రతను పెంచును. భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీట ఆర్సెనిక్కు 0.01 మిల్లీగ్రామును, నైట్రేటు 45 మిల్లీగ్రాములను మించరాదు. ఈ రెండును రంగు, వాసన లేనివగుటచే ప్రయోగశాల పరీక్షవలననే తెలియును. ఏ కార్ఖానా చెంతనుండువారైనను, బోరునీటిని వాడునెడల ఈ పరీక్ష చేయించుకొనుట అత్యవసరము. పటాన్‌చెరు పల్లెలకు న్యాయస్థానపు టాజ్ఞలతో గొట్టపునీరు వచ్చినది. అది మనుష్యుల దాహము తీర్చెనే గాని, పొలమునకు బోరే దిక్కైన రైతు కష్టమును తీర్పలేదు.

చెడిన స్థలములను బాగుచేయు యత్నము మన దేశమున ఆలస్యముగా మొదలైనది. 2010లో ప్రపంచబ్యాంకు ఆమోదించిన పథకమున హైదరాబాదు కాటేదానులోని నూర్ మహమ్మద్ కుంటయు, పశ్చిమ బెంగాలున హుగ్లీ జిల్లాలోని ప్రమాదకర వ్యర్థస్థలములును చేర్పబడినవి. భోపాలు యూనియన్ కార్బైడు ఆవరణనుండి 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థమును పీథంపూరునకు తరలించిరి. అది మూటగట్టి గిడ్డంగిలో నుంచిన భాగము మాత్రమే. మట్టిలోనికి, దాని క్రింది నీటిలోనికి దిగిన విషము అచటనే యున్నది. దానిని తీయవలెనన్న ముందు చెడిన మట్టిని త్రవ్వి జలాభేద్యమగు పొరలనడుమ పూడ్చి, పిమ్మట నీటిని తోడి శుద్ధిచేయుచు, చుట్టును పరిశీలన బావులు త్రవ్వించి ఏటేట పరీక్షింపవలసియుండును.