కలివికోడి కథ: పక్షి కావాలా, కాలువ కావాలా?

ఈ ఎపిసోడ్‌లో ఒక పక్షి కథ చెప్తాను. పేరు కలివికోడి. పేరులో కోడి ఉంది గానీ ఇది కోడి కాదు. కలివి పొదల దగ్గర తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. పొడవు 27 సెంటీమీటర్లు, అంటే మన స్కూల్ స్కేలు కంటే కాస్త తక్కువ. పెద్ద కళ్లు, సన్నటి పొడుగాటి కాళ్లు, ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి పురుగుల్ని వెతుక్కుంటుంది. రెక్కలున్నా ఎక్కువగా నేల మీదే పరిగెడుతుంది. గత నలభై ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడు సూటిగా ఒక ప్రశ్న. ఈ పక్షి ఉండే చోటు మీదుగా ఒక సాగునీటి కాలువ వెళ్లాలి. మీరు రైతు కొడుకో, రైతు కూతురో అనుకోండి. మీరు ఎటు నిలబడతారు?

ఇది నేను కల్పించిన ప్రశ్న కాదు. కడప జిల్లాలో నిజంగా వచ్చింది. నాది రాయలసీమ. అప్పు చేసి బోరు వేస్తే నీళ్లు పడకపోవడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే "పక్షిదేముంది, నీళ్లు ముఖ్యం" అనే మాటని నేను తీసిపారేయను. అలాగని వెంటనే తల కూడా ఊపను. ముందు కథ విందాం.

మొదలు 1848లో. టి.సి. జెర్డాన్ అని ఈస్టిండియా కంపెనీలో ఒక సర్జన్ ఉండేవాడు. నెల్లూరులో పనిచేశాడు. ఉద్యోగం వైద్యం, ప్రాణం మాత్రం పక్షులు, పాములు, చీమల మీద. కడప వైపు దొరికిన ఈ పక్షి ఆయన ద్వారానే శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఇంగ్లీషులో దాని పేరు 'జెర్డాన్స్ కోర్సర్' అయింది అందుకే. ఆయన తర్వాత రాసిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో చాలా పక్షులకి తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. స్కాటిష్ కుటుంబం నుంచి వచ్చిన డాక్టరుకి ఆ పేర్లు ఎవరు చెప్పి ఉంటారు? అడవి తెలిసిన ఇక్కడి మనుషులే కదా. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

తర్వాత గోదావరి తీరంలో భద్రాచలం, సిరోంచ దగ్గర కూడా ఈ పక్షిని చూసినట్టు రికార్డులున్నాయి. 1900లో అనంతపురం దగ్గర ఇంకోసారి. అంతే. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనపడలేదు. సలీం అలీ లాంటి మహామహులు వెతికారు. విదేశీ నిపుణులూ వచ్చి వెతికారు. దొరకలేదు. ఇక ఈ పక్షి అంతరించిపోయిందనే చాలామంది నమ్మారు.

మధ్యలో ఒక తమాషా ఉంది. 1917లో కోలార్ గనుల దగ్గర ఎవరో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ సేకరణలో పడి ఉంది. అది కలివికోడి గుడ్డేనని 2013లో డీఎన్‌ఏ పరీక్ష చేసి తేల్చారు. చూశారా, లేదనుకున్న కాలంలో కూడా పక్షి ఉంది. చూసే కళ్లే లేవు.

ఇప్పుడు 1986కి వద్దాం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లా సిద్ధవటం ప్రాంతానికి వచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, పక్షి బొమ్మ పట్టుకుని ఊళ్లు తిరిగి జనాన్ని అడగడం. "దీన్ని ఎప్పుడైనా చూశారా?" అని. ఇది రాత్రిపూట తిరిగే పక్షి అని శాస్త్రవేత్తలకి అప్పటికి ఖాయంగా తెలీదు. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని వేటకెళ్లే వాళ్లకి తెలుసు! జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే స్థానిక వేటగాడు ఒక కలివికోడిని ప్రాణాలతో పట్టుకున్నాడు. 86 ఏళ్ల వెతుకులాట అక్కడ ముగిసింది. 89 ఏళ్ల సలీం అలీ దాన్ని చూడ్డానికి బొంబాయి నుంచి బయల్దేరి వచ్చారు. ఆయన చేరేసరికి పక్షి చనిపోయింది. ఆ తర్వాత అదే ఐతన్న పరిశోధకులకి చాలా ఏళ్లు దారి చూపించే మనిషయ్యాడు.

నేను ఎంపీసీ, తర్వాత బీటెక్. బయాలజీ పదో తరగతితోనే ఆగింది. కానీ ఇక్కడ జరిగింది ఇంజినీర్లకి బాగా తెలిసిన విషయమే. డేటా ఎప్పట్నుంచో ఉంది. ఎవరి దగ్గరుందో వాళ్లని ఎవరూ అడగలేదు.

1988లో ఆ కొండల చుట్టూ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. 2000 తర్వాత జెగనాథన్ అనే పరిశోధకుడు, ఆయన టీమ్ అక్కడే మకాం పెట్టారు. వాళ్ల పద్ధతి నాకు భలే నచ్చింది. పొదల మధ్య నేలమీద సన్నటి మట్టి పరిచేవాళ్లు. పొద్దున్నే వెళ్లి దానిమీద పడిన కాలిముద్రలు చూసేవాళ్లు. దానికి తోడు ఆటోమేటిక్ కెమెరాలు, కూత రికార్డింగులు. పక్షిని పట్టుకోకుండానే అది ఎక్కడ తిరుగుతుందో మ్యాప్ గీశారు.

ఆ మ్యాప్ విలువ 2005లో తెలిసింది. తెలుగుగంగ ప్రాజెక్టు తెలుసు కదా. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు చెన్నై దాకా తీసుకెళ్తుంది, దారిలో సీమకీ, నెల్లూరుకీ సాగునీళ్లు ఇస్తుంది. దాని కాలువ పనుల కోసం పొక్లెయిన్లు వచ్చి, కలివికోడి తిరిగే పొదల్లో కొంత భాగం చదును చేసేశాయి. పరిశోధకులు గమనించి చెప్పారు, అటవీశాఖ అడ్డుకుంది, పని ఆగింది. అప్పుడు లేచింది మనం మొదట అడిగిన ప్రశ్న. పక్షా, కాలువా?

జవాబు ఏమొచ్చిందో తెలుసా? కాలువ దారి మార్చారు. రద్దు చెయ్యలేదు, మార్చారు. పక్షి కోసం అదనంగా భూమి కూడా సేకరించారు. అంటే అసలు ప్రశ్నే తప్పు. "పక్షా, నీళ్లా" అని అడిగితే ఎవరైనా నీళ్లే అంటారు, అనాలి కూడా. "కాలువ ఇటు పోవాలా, కొంచెం అటు పోవాలా" అని అడిగితే కథ మారిపోతుంది. కానీ ఆ రెండో ప్రశ్న అడగాలంటే పక్షి ఎక్కడుందో ఎవరో ఒకరు చూపించగలగాలి. మట్టి మీద కాలిముద్రలు లెక్కపెట్టినవాళ్లు లేకపోతే అక్కడున్నది ఉత్త ముళ్లకంప. ముళ్లకంప కోసం ఎవరూ కాలువ మళ్లించరు.

ఇంకో విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. జంతువుల్ని కాపాడటం అంటే మనకి వెంటనే తట్టేది ఏంటి? కంచె వెయ్యి, మనుషుల్ని బయటికి పంపెయ్. కలివికోడికి ఆ సూత్రం అంత సులభంగా కుదరదు. దానికి చిక్కటి అడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. అక్కడక్కడా పొదలు, మధ్యలో పరిగెత్తడానికి ఖాళీ నేల కావాలి. మేకలు, పశువులు మరీ ఎక్కువ మేస్తే పొదలు పోతాయి. అసలు మేతే లేకపోతే పొదలు కమ్ముకుని ఖాళీ నేల పోవచ్చు. కాబట్టి మేకల కాపరి ఈ కథలో విలన్ కాదు. ఆయనతో మాట్లాడకుండా ఈ పక్షిని కాపాడలేం.

2009 తర్వాత పక్షి మళ్లీ మాయమైంది. ఏళ్ల తరబడి ఖాయమైన ఆనవాలు లేదు. ఎర్రచందనం దొంగల వల్ల ఆ అడవుల్లో రాత్రిపూట తిరగడమే కష్టం. ఇది చూస్తే రాత్రి పక్షి! మళ్లీ "అయిపోయింది" అనే మాట మొదలైంది. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు ఆంధ్రప్రదేశ్‌లో రాత్రిపూట దాని కూత రికార్డు చేశారు. కనపడలేదు, వినపడింది. బతికే ఉంది.

ఇప్పుడు మన సంగతి. మన వయసు వాళ్లకి జంతువులంటే ప్రేమ లేదని పెద్దవాళ్లు అంటే నేను ఒప్పుకోను. వీధికుక్కకి బిస్కెట్లు పెట్టేది మనమే. ఏనుగుపిల్ల వీడియో పదిమందికి పంపేది మనమే. ప్రేమకి లోటు లేదు. కానీ మన ఊరి చెరువుగట్టు మీద వాలే పక్షుల్లో ఐదింటికి తెలుగు పేర్లు చెప్పమంటే ఎంతమందిమి చెప్పగలం? ఐతన్నకి ఆ పక్షి మీద మనకున్నంత ప్రేమ ఉండి ఉండకపోవచ్చు, ఆయన వెళ్లింది వేటకి. కానీ ఆయనకి అది తెలుసు. పక్షిని ప్రపంచానికి తిరిగిచ్చింది ఆ తెలియడమే. మన తాతల తరంతో ఆ తెలివిడి వెళ్లిపోతోంది. పక్షి కంటే ముందు దాని పేరు అంతరిస్తోంది.

అందుకని మీకు ఒక చిన్న పని. ఈసారి ఊరెళ్లినప్పుడు మేకలు కాసే పెద్దాయన దగ్గరో, చేపలు పట్టే మామ దగ్గరో కూర్చోండి. "చిన్నప్పుడు చూసి, ఇప్పుడు కనపడనిది ఏముంది?" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. పక్షి కూతలు గుర్తుపట్టే మెర్లిన్, చూసినవి నమోదు చేసే ఈబర్డ్ లాంటి యాప్‌లు ఫ్రీగా ఉన్నాయి, వాడండి. ఒక్క జాగ్రత్త: ఏదైనా అరుదైన జీవి కనపడితే లొకేషన్ స్టోరీలో పెట్టకండి. గూడు దగ్గరకెళ్లి ఫ్లాష్ కొట్టకండి. స్పీకర్లో కూత పెట్టి పక్షిని పిలవకండి. మీ జిల్లా అటవీశాఖకి చెప్పండి.

రేపు మీ ఊరి మీదుగా రోడ్డో, కాలువో, లేఅవుటో వస్తుంది. రావాలి కూడా. ఆ రోజు "కొంచెం అటు జరపండి, ఇక్కడ ఇది ఉంది" అని చెప్పగలిగే ఒక్క మనిషి ఊళ్లో ఉండాలి. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.