జగిత్యాలలో మావో పేరు, చైనాలో మావో తర్వాత: 1978లో ఏం జరిగింది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనగానే బీడీలు, మరమగ్గాలు, గల్ఫ్ వలసలు గుర్తొస్తాయి. మరి ఈ ఊళ్లల్లో ఒకప్పుడు మావో పేరు ఎందుకంతగా వినిపించింది? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

1967లో బెంగాల్‌లోని నక్సల్బరీలో రైతులు తిరగబడ్డారు. ఆ జూలై 5న చైనా పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ దాన్ని 'వసంత మేఘ గర్జన' అని పొగిడింది. ఆ గర్జన మన దగ్గరికీ వచ్చింది. 1978 ఎండాకాలంలో రాడికల్ విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అంటూ పల్లెబాట పట్టారు.

అయితే కూలీలు కదిలింది చైనా కోసం కాదు. దొర గడీలో వెట్టి పోవాలి, కూలి రేటు పెరగాలి, దొరలు కలుపుకున్న సర్కారు భూమి పేదలకు దక్కాలి. అదీ వాళ్ల గొడవ. 1978 సెప్టెంబర్ 7న వేలమంది జగిత్యాలకు నడిచొచ్చారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. మావో చనిపోయి అప్పటికే రెండేళ్లు. అదే ఏడాది చివర్లో చైనాలోని షియావోగాంగ్ అనే ఊళ్లో 18 కుటుంబాల రైతులు రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. కమ్యూన్ భూమిని ఎవరి వాటా వాళ్లు దున్నుకుందామని! డిసెంబర్‌లో బీజింగ్‌లో జరిగిన పార్టీ సమావేశం వర్గపోరాటాన్ని పక్కనపెట్టి, డెంగ్ షియావోపింగ్ చెప్పిన ఆర్థికాభివృద్ధి దారి పట్టింది. 1979 ఫిబ్రవరిలో మన విదేశాంగ మంత్రి వాజ్‌పేయి బీజింగ్ వెళ్లారు. రెండు ప్రభుత్వాల మధ్య మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఇక్కడ మాత్రం 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్ వార్ పుట్టింది. చైనా వదిలేస్తున్న దారిలో మన పిల్లలు అడవికి పోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇరువైపులా ప్రాణాలు పోయాయి.

అంటే జైత్రయాత్ర తప్పా? కాదు. వెట్టి నిజం, ఆకలి నిజం. షియావోగాంగ్ రైతుదీ ఆకలే. ఒకచోట దొర చేతిలో, ఇంకోచోట కమ్యూన్ చేతిలో భూమి ఇరుక్కుంది. తన చెమటకు ఫలం తనకే దక్కాలని ఇద్దరూ అడిగారు.

అందుకే ఫ్రెండ్స్, చైనా గురించి ఎవరేం చెప్పినా ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఏ సంవత్సరం చైనా? మీ ఊళ్లో 1978 చూసిన పెద్దమనుషులుంటే, ఇవాళే పోయి వాళ్ల పక్కన కూర్చోండి.