రెయిడ్ ఎవరి మీద?
చంద్రపూర్‌లో (మనవాళ్ల నోట ఇప్పటికీ చాందా) ఓ బొగ్గు వ్యాపారి ఆఫీసులో లినక్స్ సర్వర్ మొరాయించింది. ‘రెయిడ్ దెబ్బతింది’ అన్నాను. ‘ఐటీ వాళ్లు వచ్చారా అన్నా?’ అని గుమాస్తా కంగారుపడ్డాడు. ఇంగ్లిష్ రెయిడ్‌కి మూలార్థం గుర్రపు స్వారీ. రోడ్డుదీ అదే వేరు. స్కాట్లండ్ నుడిలో దోపిడీ దాడి అయింది, మన పత్రికల్లో సోదాగా స్థిరపడింది. డిస్కుల రెయిడ్ మాత్రం పొడి అక్షరాల పేరు. 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌ల పత్రంతో ప్రచారమైంది. ఆ పేరులోని ‘చవక’ డిస్కులను కంపెనీలు తర్వాత ‘స్వతంత్ర’ డిస్కులు చేశాయి. ఒకే సమాచారం దాచే జంట డిస్కులకు లినక్స్ చూపే స్థితిలో [యూయూ] బదులు [యూ_] కనిపిస్తే ఒకటి జారినట్టే. దాన్నే ‘డిగ్రేడెడ్’ అంటారు. ‘రెయిడ్ ఉందిగా, బ్యాకప్ దేనికి?’ అనడమే అసలైన తప్పు వాడుక: చెరిపిన ఫైలు రెండింట్లోనూ చెరుగుతుంది.