'బ్రాడ్‌కాస్ట్': పొలము నుండి రేడియోకు

రేడియో ప్రసారమును తెలుపు 'బ్రాడ్‌కాస్ట్' అను ఆంగ్లపదము పొలములో పుట్టినది. 18వ శతాబ్దిలో దానికి అర్థము, విత్తనములను చేతితో విశాలముగ చల్లుట; మన రైతు వెదజల్లుట యనునది ఇదియే. గొర్రుతో విత్తిన గింజ చాలులోనే పడును. చల్లినది ఎచ్చట పడునో చెప్పలేము. పిమ్మట వార్తలను, వదంతులను నలుగురిలో వ్యాపింపజేయుటకును ఆ మాట చెల్లినది.

మార్కోనీ నాటి నిస్తంత్రి వార్త ఒకరు మరొకరికి పంపు తంతివంటిది; ఇతరులు దానిని వినగలుగుట లోపముగ ఎంచబడెను. 1920 తరువాత ఆ లోపమే గుణమయ్యెను. 1922లో వెలసిన బి.బి.సి. పేరులోనే ఈ మాట నిలిచినది.

పూవు పరిమళమును వెదజల్లుననుచునే, మనము రేడియోకు 'ప్రసారము' అను సంస్కృతపదమును గ్రహించితిమి. పేరేదైనను ధర్మ మొక్కటే: చల్లిన గింజను తిరిగి ఏరుకొనలేము. మైకు ముందు నిలుచు మనము, అది గింజయో తాలో ముందే చూచుకొనవలెను.