పెట్రోలు జమాఖర్చు

జలము పల్లమునకు పారునట్లు వేడిమియు వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు పారును. ఆ పారెడి త్రోవలోనే దానిచేత కొంత పని చేయించుకొనవచ్చును. తక్కినది విడిచిపెట్టక తప్పదు. ఈ ధర్మమును ఫ్రాన్సు దేశపు సాదీ కార్నో 1824లో ఒక చిన్న పుస్తకమున నిరూపించెను. మోటారుబండి పుట్టుటకు అరువది యేండ్లకు ముందే దాని జాతకము వ్రాయబడినది.

1876లో జర్మనీయుడగు నికొలాస్ ఆటో నాలుగు ఊపుల యంత్రమును నడిపెను. ఇంధనము కలిసిన గాలిని పీల్చుట, దానిని నొక్కుట, మండించి పిస్టనును త్రోయించుట, పొగను వెడలగొట్టుట యనునవి ఆ నాలుగు. వీనిలో నొక్కుటయే కీలకము. గాలిని నాలుగవ వంతునకు నొక్కిన యంత్రము లెక్కప్రకారము శక్తిలో నూటికి 43 పాళ్లను, పదవ వంతునకు నొక్కినది 60 పాళ్లను పనిగా మార్పవలెను. గోడలకు పోవు వేడిమియు, రాపిడియు తీసివేయగా, మేలైన స్థితిలో సైతము అందు సగము మొదలు మూడింట రెండు వంతుల వరకే దక్కును.

మరింత నొక్కుదమన్న పెట్రోలు ఓర్వదు. మంట చేరకమునుపే తనంత తానే భగ్గుమని యంత్రమును దెబ్బతీయును. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ సీసము గల ద్రవము నొకదానిని పెట్రోలులో కలిపి ఈ బాధను మాన్పెను. యంత్రపు సామర్థ్యము పెరిగినది. కాని పొగవెంట వెడలిన సీసము పసిబిడ్డల మెదడునకు హాని చేసినది. ఇంధనపు పద్దులో లాభమని వ్రాసికొన్నది బిడ్డల పద్దులో నష్టమై తేలినది. భారతదేశమంతట సీసపు పెట్రోలు అమ్మకము నిలిచినది 2000 ఫిబ్రవరి 1 నాడు మాత్రమే.

ఇక భాగ్యనగరమునకు వత్తము. 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. ఆ వంశమున వచ్చిన సంస్థ పేరనే చిక్కడపల్లి చెంతనున్న కూడలి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అని వాడుకకెక్కినది. నారాయణగూడ, చిక్కడపల్లి వీధులను దాటి ఆ కూడలిని చేరు కారులో ఒక లీటరు పెట్రోలు జమాఖర్చు ఎట్లుండునో చూతము.

జమ: లీటరు పెట్రోలులోని శక్తి, విద్యుత్తు లెక్కన, ఇంచుమించు 9 యూనిట్లు. ఖర్చు: పొగగొట్టమునుండి పోవునది 3, రేడియేటరు మొదలగువానిగుండ గాలిలో కలియునది 3, రాపిడికి, పంపులకు, ఊరక తిరుగుటకు ఒకటిన్నర. చక్రములకు చేరునది మిగిలిన ఒకటిన్నరయే. నూరు రూపాయలలో ప్రయాణమునకు వచ్చినవి ఇంచుమించు పదునేడు. ఆ కాస్తలోను అధికభాగము బ్రేకు వేసినప్పుడెల్ల మరల వేడియై హరించును. ఎర్రదీపము కడ నిలిచిన బండికి సామర్థ్యము సున్న. అయినను గంటకు అరలీటరు మొదలు లీటరు వరకు త్రాగుచునేయుండును. ఆ పొగ ఎవరిపాలు? దాపుననే అశోక్‌నగర్ వైపున నగర కేంద్ర గ్రంథాలయమున్నది. ఉద్యోగపరీక్షలకై ప్రొద్దస్తమానము చదువుకొను పేదయువకులు, తమకు లేని కారులు విడిచిన పొగను పీల్చుచుందురు.

2020 ఫిబ్రవరి 7న ఈ వీధి మీదుగా మెట్రో రైలు ప్రారంభమైనది. నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మూడును దాని స్టేషనులే. ఆ బండి బ్రేకు వేసినప్పుడు వేగములో కొంత విద్యుత్తై తీగెకు తిరిగివచ్చును. అట్లని అది ఋణము లేని సొమ్ము కాదు. బొగ్గు మండించు విద్యుత్కేంద్రమున మూడింట రెండు వంతుల వేడిమి ముందే పోయినది. కార్నో ధర్మము అచటను వర్తించును. అయినను వందలమంది ఒక్క బండిలో పోవుటచే తలకు పడు ఖర్చు స్వల్పమగును.

కావున యంత్రనిర్మాత చేయగలిగినది సగమే. తక్కిన సగము దానిని నడపు వీధి చేతిలోనున్నది. కూడలి కడ యంత్రము నాపుట, నలుగురు కలిసి ఒక బండిలో పోవుట, నడువదగిన దూరము నడచుట, వీనికి ఏ శాస్త్రజ్ఞుని అనుమతియు నక్కరలేదు. జమ మాత్రమే చూచి ఖర్చు చూడని లెక్క గ్రామమునకు పనికిరాదు, నగరమునకును పనికిరాదు.