కత్తెరకు లొంగిన పొద

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఫిష్‌బోర్న్ అనే చోట 1960లలో పురావస్తు శాస్త్రవేత్త బారీ కన్లిఫ్ బృందం తవ్వకాలు జరిపింది. రోమన్ల కాలపు రాజభవనం ఒకటి బయటపడింది. మొజాయిక్ నేలల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ భవనం మధ్యనున్న తోట. అక్కడి నేల బంకమట్టి, గులకరాళ్ల మయం. మొక్క బతకాలంటే వేరు పట్టే మేరకు తవ్వి, మంచి మట్టి తెచ్చి నింపాలి. రోమన్ తోటమాలులు అదే పని చేశారు. పొదలు ఏనాడో మట్టిలో కలిసిపోయినా, వాటి కోసం నింపిన మట్టి చుట్టూ ఉన్న నేలలో కలవకుండా, వంపులు తిరిగిన చారలుగా మిగిలింది. దాదాపు 1900 ఏళ్ల నాటి కంచె ఏ దారిన సాగిందో అలా తెలిసింది. ఆ చారల వెంబడే మళ్లీ బాక్స్‌వుడ్ నాటారు.

బాక్స్‌వుడ్ ఆకు చిన్నది, దళసరిది, నున్నగా మెరుస్తుంది. చలికాలంలోనూ రాలదు. పెరుగుదల నిదానం. కంచెల అంచులకు వాడే పొట్టి రకమైతే ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లకు మించి పెరగదు. కొస తుంచితే ఆ కింది కణుపుల్లోంచి రెండు మూడు చిగుళ్లు పుట్టుకొస్తాయి. కోసిన కొద్దీ గుబురవుతుంది. ఒకసారి ఇచ్చిన ఆకారం నెలల తరబడి చెదరదు. దీని చరిత్రంతా ఈ గుణాల చుట్టూనే తిరిగింది.

చెట్లను కత్తిరించి తీర్చే పద్ధతిని మొదలుపెట్టినవాడు అగస్టస్ చక్రవర్తి మిత్రుడు గాయస్ మాటియస్ అని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. ఆయన మేనల్లుడు చిన్న ప్లినీ టస్కనీలోని తన తోటను ఒక ఉత్తరంలో వర్ణించాడు. ఎదురెదురుగా నిలబడ్డ జంతువుల రూపాలు, అక్షరాలుగా కత్తిరించిన పొదలు అందులో ఉన్నాయి. ఆ అక్షరాలు కొన్నిచోట్ల యజమాని పేరు చెబుతాయి, కొన్నిచోట్ల తోటమాలి పేరు. పని చేసిన చేతికి అంత గౌరవం దక్కడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

రోమ్ పతనమయ్యాక ఇలాంటి విలాసం చాలావరకు మరుగున పడింది. ఇటలీ పునరుజ్జీవన కాలంలో మళ్లీ తలెత్తింది. అసలు మలుపు మాత్రం ఫ్రాన్స్‌లో వచ్చింది. అక్కడి రాజోద్యానాల తోటమాలి క్లోడ్ మోలే, 1595 ప్రాంతంలో నేల మీది అల్లికలకు బాక్స్‌వుడ్ వాడటం మొదలుపెట్టానని తన పుస్తకంలో చెప్పుకున్నాడు. అంతకుముందు ఆ అల్లికలు సువాసన మూలికలతో వేసేవారు. ఎండకు మాడి, మంచుకు చచ్చి, మూడేళ్లకోసారి మళ్లీ నాటాల్సివచ్చేది. ఖర్చు తడిసి మోపెడయ్యేది. బాక్స్‌వుడ్ వాసన పెద్దింటివాళ్లకు గిట్టకపోయినా మోలే దాని మన్నికనే చూశాడు. ఒక తోటమాలి లెక్క సరిచూసుకుని తీసుకున్న ఆ నిర్ణయం మీదే తర్వాతి శతాబ్దపు ఫ్రెంచి తోటల వైభవం నిలిచిందని నా నమ్మకం. వో-ల్-వికోంత్‌లో, వెర్సాయ్‌లో ఆంద్రే ల నోత్ర్ పరిచిన పచ్చని అల్లికలకు పునాది అక్కడే ఉంది.

ఇంగ్లండ్‌లో గాలి త్వరగానే మారింది. రాణి ఆన్‌కు ఆ వాసన పడక హాంప్టన్ కోర్ట్ తోటలో బాక్స్‌వుడ్ పీకించేసింది. 1713లో కవి అలెగ్జాండర్ పోప్ పొదలను బొమ్మలుగా చెక్కే మోజును ఒక వ్యాసంలో ఎండగట్టాడు. ఆ శతాబ్దంలోనే తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్ వంటివారు గీతలు గీసినట్టుండే తోటలను చెరిపేసి పచ్చికబయళ్లు పరిచారు. కత్తిరించిన పొద మళ్లీ గౌరవం పొందడానికి పందొమ్మిదో శతాబ్దం రావాల్సివచ్చింది.

తోటల్లో ఆదరణ తగ్గిన ఆ రోజుల్లోనే ఈ మాను అచ్చు పనికి అక్కరకొచ్చింది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, నార కనిపించనంత చిక్కదనం దీనివి. చెక్కమీద బొమ్మలు చెక్కే థామస్ బ్యూయిక్ దీన్ని అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద పక్షులను ఈకలతో సహా చెక్కాడు. పందొమ్మిదో శతాబ్దపు సచిత్ర పత్రికలు ఈ చెక్క మీదే నడిచాయి. మాను సన్ననిది కాబట్టి పెద్ద బొమ్మ కావాలంటే చిన్న చిన్న దిమ్మెలను బిగించి కలిపేవారు. కాకసస్ అడవుల నుంచి దుంగలు ఓడల్లో వచ్చేవి.

మళ్లీ తోటలోకి వస్తే, కంచె అంతా ఒకే ఎత్తులో, ఒకే రంగులో ఉండాలంటే విత్తనం పనికిరాదు. విత్తు మొక్క ఒక్కోటి ఒక్కో తీరుగా పెరుగుతుంది. అందుకే బెత్తెడు కొమ్మను తుంచి గుచ్చుతారు. మన కడియం నర్సరీల్లో బంతులుగా తీర్చే డ్యురాంటా మొక్కలదీ ఇదే దారి. యూరప్ తోటల్లో కిలోమీటర్ల పొడవున సాగిన పొట్టి బాక్స్‌వుడ్ కంచెలు దాదాపుగా ఒకే మొక్కకు నకళ్లు. శతాబ్దాలుగా అదే వాటి అందం. తెగులు వచ్చినప్పుడు అదే వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

1994లో ఇంగ్లండ్‌లో ఒక శిలీంధ్రపు తెగులు కనిపించింది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, లేత కొమ్మల మీద నల్లని చారలు, ఆపైన ఆకులన్నీ రాలిపోవడం. అన్ని రకాల్లోకీ ఆ పొట్టి రకమే దానికి త్వరగా లొంగింది. కత్తిరించి కత్తిరించి గాలి చొరని గుబురుగా పెంచడంతో లోపలి తడి ఆరదు, శిలీంధ్రానికి అది చాలు. 2007లో తూర్పు ఆసియా నుంచి వచ్చిన చిమ్మట జర్మనీలో బయటపడింది. దాని ఆకుపచ్చ గొంగళిపురుగులు ఆకులు తినేసి, బెరడునూ కొరికేస్తాయి. రష్యాలోని సోచిలో ఒలింపిక్స్ కోసం ఇటలీ నుంచి తెప్పించిన మొక్కలతో పాటు 2012లో ఆ పురుగు కాకసస్ చేరింది. ఒకప్పుడు పత్రికలకు దిమ్మెలిచ్చిన ఆ ప్రాంతపు అడవుల్లో బాక్స్‌వుడ్ కొద్ది ఏళ్లలోనే మోడైంది. తోట అలంకరణ కోసం ఒక సహజారణ్యాన్ని బలిపెట్టడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

వో-ల్-వికోంత్‌లో 1923లో తోటల రూపశిల్పి అషీల్ దుషేన్ పునరుద్ధరించిన అల్లికలను 2019లో తీసేయాల్సివచ్చింది. వాటి చోట అల్యూమినియం రిబ్బన్లు పరిచారు. కొందరు చిన్న ఆకుల జపాన్ హాలీకి మారుతున్నారు. బెల్జియంలో యూరప్ జాతిని ఆసియా జాతులతో సంకరం చేసి, శిలీంధ్రాన్ని తట్టుకునే కొత్త రకాలు విడుదల చేశారు. పురుగు బెడద మాత్రం వాటికీ తప్పదు. పాత కంచె ఉన్న తోటమాలులు మబ్బు పట్టిన పొడి రోజు చూసి కోస్తున్నారు, ఒక పొద నుంచి మరో పొదకు వెళ్లేముందు కత్తెరను మందుతో తుడుస్తున్నారు, రాలిన ప్రతి ఆకునూ ఏరి తగలబెడుతున్నారు.