ఏడు గీతలూ, ఒక డైమనూ

లెక్కలంటే నాకు చిన్నప్పట్నించీ భయమే గానీ, గ్రాఫులంటే మాత్రం మహా ధీమా. బొమ్మే కదా, చూడగానే తెలిసిపోతుంది అనుకునేవాణ్ణి. ఆ ధీమా కాస్తా ఓ చిన్న బొమ్మ దగ్గర దిగిపోయింది.

అది 1993లో ఇంగ్లండులో మొదలైన కాక్రేన్ సంస్థవారి ముద్ర. నడుమ ఒక నిలువు గీత. ఏడు అడ్డగీతలు. అడుగున, పేకముక్క మీది డైమను గుర్తుని నొక్కి సాగదీసినట్టు ఒక గుర్తు. నెలలు నిండకుండానే కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి స్టిరాయిడ్ ఇంజక్షన్లిస్తే బిడ్డ బతుకుతుందా? ఒక్కో అడ్డగీతా ఈ సంగతి తేల్చుకోడానికి జరిపిన ఒక్కో పరీక్ష. గీత ఎడమకి ఒరిగితే మందు వైపు మొగ్గినట్టు.

నేను చప్పున తీర్పు చెప్పేశాను: "సగానికి పైగా గీతలు నిలువుగీతని తాకుతూనే ఉన్నాయిగా! ఇంకేం, మందు పనిచెయ్యలేదు."

తప్పు! తాకిందంటే పనిచెయ్యలేదని కాదు, ఆ ఒక్క పరీక్షతో తేల్చి చెప్పలేమని. పొడుగు గీతంటే గట్టి సాక్ష్యం అనుకున్నాను. అదీ తలకిందులే. గీత ఎంత పొడుగైతే అనుమానం అంత ఎక్కువ.

న్యూజిలాండులో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు తొలి పరీక్ష ఫలితాలను 1972లోనే ప్రకటించారు. తరువాత మరికొన్ని వచ్చాయి. అన్నిటినీ ఒకచోట చేర్చి పద్ధతిగా తూచి చూసింది మాత్రం 1989లో! అలా కలిపి లెక్కగట్టడం కొత్త విద్యేం కాదు. ఇండియాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ ఉన్న బ్రిటిష్ సిపాయిల టైఫాయిడ్ టీకా లెక్కల్ని కార్ల్ పియర్సన్ 1904లోనే కలిపి చూశాడు. జీన్ గ్లాస్ 1976లో ఆ విద్యకి 'మెటా ఎనాలిసిస్' అని నామకరణం చేశాడు.

ఏడు గీతల్నీ కలిపేసరికి డైమను నిలువుగీతకి ఎడంగా, ఎడమపక్కన నిలబడింది. పసిబిడ్డలు పోయే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతోంది! ఖరీదైన మందు కూడా కాదు. విడివిడి గీతల్ని చూస్తూ కూర్చున్న ఆ ఏళ్ళలో ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో!

అయితే ఇక డైమను మాటే వేదమా? అదీ కాదు. ఆ డైమను చెప్పేది, ఆ పరీక్షలు జరిగిన ఆసుపత్రుల మాట. ఇండియాతో సహా ఆరు దేశాల్లో, చిన్న చిన్న వైద్య కేంద్రాల్లో సైతం ఈ ఇంజక్షన్లు వాడించి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. దాదాపు లక్ష కాన్పులు. ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 28 రోజుల్లోపు పోయినవారు మామూలు చోట్ల 23.9 అయితే, ఇంజక్షన్లు ప్రోత్సహించిన చోట్ల 27.4! ఇంజక్షను వేయించుకున్న తల్లుల్లో చాలామందికి అసలు అంత చిన్న బిడ్డలే పుట్టలేదు. సూది అక్కర్లేనివాళ్ళకీ పడిందన్నమాట.

మళ్ళీ 2020లో మరో పరీక్ష. ఇండియా, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా ఆసుపత్రుల్లో, స్కానింగుతో వారాలు లెక్కచూసుకుని, పుట్టిన బిడ్డని కనిపెట్టుకునే వసతి ఉన్నచోట ఇస్తే అదే మందు బిడ్డల్ని కాపాడింది.

డైమను అబద్ధమాడలేదు. మనం అడగని ప్రశ్నకి అది జవాబు చెప్పదు, అంతే. అందుకే ఇప్పుడు ఏ గ్రాఫు కనబడ్డా నేను ఎడమా కుడీ చూడటానికి ముందే అడుగుతాను: "ఈ గీతలు ఎక్కడివి నాయనా? ఎవరి బిడ్డలవి?"